తత్వశాస్త్రం, తత్వాలు, మనిషి తత్వం
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  నాతోపాటు ఈ బడి వరండాలో నేల మీద కూర్చుని చదువుకున్న మిత్రులకు, మా తరవాత బెంచీల మీద కూర్చుని చదువుకున్న అదృష్టవంతులకు, ఇప్పుడు చదువుతున్న పిల్లలకు నా అభినందనలు.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మాస్టారూ, ఇరవై నిమిషాలు మాట్లాడాలి. అంశం మీ ఇష్టం. కానీ కాస్త అర్థమయ్యేది చెప్పండి" అన్నారు. అలా అనే హక్కు ఆయనకుంది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పినవాణ్ణి. నాకంటే ముందు మాట్లాడిన వారిలో డ్యాములు కట్టిన ఇంజనీరుగారు ఉన్నారు, వేల కాన్పులు చేసిన డాక్టరమ్మగారు ఉన్నారు. వాళ్ళు చేసిన పని చూపించవచ్చు. నేను చేసిన పని చూపించడానికి ఏమీ లేదు. మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు "అబ్బాయీ, నువ్వు కాలేజీలో ఏం చెప్పేవాడివి?" అని అడుగుతారు. "తత్వశాస్త్రం" అంటే, "ఓహో, తత్వాలా! మరి ఒకటి పాడు" అంటారు.

చాలాకాలం ఆ మాటకు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట గురించే మాట్లాడదామని వచ్చాను.

మన తెలుగులో "తత్వం" అనే మాటను మూడు రకాలుగా వాడతాం. ఒకటి, విశ్వవిద్యాలయంలో చెప్పే తత్వశాస్త్రం. దానికి సిలబస్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది. రెండోది, తంబురా పట్టుకుని బైరాగులు పాడే తత్వాలు, భజన మందిరంలో రాత్రిపూట పాడుకునేవి. వీరబ్రహ్మంగారి పేరు మీద, ఇంకా ఎందరో పేరు తెలియనివాళ్ళ పేరు మీద అవి ఊరూరా ఉన్నాయి. మూడోది, మనిషి తత్వం. "వాడి తత్వమే అంత, ఒకరిది ఒక్క పైసా ఉంచుకోడు" అంటామే, అది. మనిషి లోపల నిలిచిపోయిన గుణం, కష్టం వచ్చినప్పుడు అతను ఎటు ఒరుగుతాడో చెప్పే గుణం.

ఒకే మాటకు మూడు అర్థాలు ఊరికే రావు. ఆలోచన మొదటి దాంట్లో పుట్టి, రెండో దాంట్లో నలిగి, మూడో దాంట్లో స్థిరపడాలని మన భాష అనుకుంది కాబోలు. అయితే ఈ మూడూ ఒకదాన్నొకటి పలకరించుకోవడం మానేసి చాలాకాలమైంది. నా వృత్తి జీవితమంతా ఆ ఎడబాటు మధ్యనే గడిచింది.

ముందు మా వైపు తప్పు చెబుతాను. నా క్లాసులో చేరిన పిల్లల్లో ఎక్కువమంది సివిల్స్ రాయాలనుకునేవాళ్ళు. ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నావయ్యా అంటే, "సిలబస్ చిన్నది సార్" అనేవాళ్ళు. నిజాయితీగా చెప్పారు కాబట్టి నాకు కోపం వచ్చేది కాదు. మా అధ్యాపకుల సంగతీ అంతే. పదోన్నతికి పాయింట్లు కావాలి, పాయింట్లకు వ్యాసాలు కావాలి. కాంట్ మీద ఒకరు రాసింది కాంట్ మీద రాసే ఇంకొకరు చదువుతారు. అందులోని నీతి సూత్రం ఇంటికి వెళ్ళాక పనిమనిషి జీతం పెంచాలా వద్దా అనే దగ్గర పనికొస్తుందా అని అడిగితే, అది మా విభాగం పరిధిలోకి రాదు అన్నట్టు చూసేవాళ్ళం.

ఇక ఊరి వైపు సంగతి. ఊళ్ళో తత్వానికి కొదవ లేదు. "అంతా మాయ", "రాసిపెట్టి ఉంటే జరుగుతుంది", "మన చేతుల్లో ఏముంది". రచ్చబండ దగ్గర ఇవి లేకుండా ఏ సంభాషణా ముగియదు. కానీ మనవాళ్ళు గడుసువాళ్ళు. ఇలాంటి మాటల్లోని పసలేనితనాన్ని కూడా వాళ్ళే కనిపెట్టి పేరు పెట్టారు, మెట్ట వేదాంతం అని. శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని వైరాగ్యానికి మూడు రకాలు చెప్పారు. శ్మశానం నుంచి ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఒకటి, పురాణం విని చెప్పులు వేసుకునేదాకా ఒకటి, నొప్పులు తగ్గేదాకా ఒకటి. అనుభవంలో పుట్టిన ఆలోచన అయినా, దాన్ని పరీక్షించి నిలబెట్టుకోకపోతే గంట కూడా నిలవదని దీని అర్థం.

అంటే కాలేజీ తత్వానికి బతుకు లేదు, ఊరి తత్వానికి పరీక్ష లేదు. రెండూ విడివిడిగా ఉంటే రెండూ చెడిపోతాయి. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి సాక్ష్యం.

మొదటి సాక్ష్యం మన పక్కనే ఉంది. తొమ్మిదో తరగతిలో మనందరినీ లాంచీ ఎక్కించి నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్ళారు, గుర్తుందా? మనకు ఆ రోజు గుర్తున్నది పులిహోర పొట్లాలు, లాంచీ మీద కొట్టిన నీళ్ళ తుంపర. ఆ కొండకు ఎవరి పేరు ఉందో ఆ ఆచార్య నాగార్జునుడు సుమారు క్రీస్తుశకం రెండో శతాబ్దం వాడు. అక్కడి తవ్వకాల్లో బయటపడింది ఎక్కువగా ఆయన తరవాతి ఇక్ష్వాకుల కాలపు కట్టడాలే అయినా, సంప్రదాయం ఆ లోయను ఆయన పేరుతోనే గుర్తుపెట్టుకుంది.

నాగార్జునుడు రాసిన మూలమాధ్యమక కారిక ప్రపంచంలోని కఠినమైన తత్వ గ్రంథాల్లో ఒకటి. ఇరవై ఏడు అధ్యాయాలు. కదలిక అంటే ఏమిటి, కారణం అంటే ఏమిటి, కాలం అంటే ఏమిటి అని ఒక్కొక్క భావాన్నీ పట్టుకుని నిలదీస్తాడు. దాని మీద ఇవాళ కూడా కొత్త పుస్తకాలు వస్తున్నాయి. నేను దాన్ని ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ప్రతిసారీ ఏదో ఒక కారిక దగ్గర ఆగి, కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చేది.

అదే నాగార్జునుడి పేరు మీద ఇంకో చిన్న పుస్తకం ఉంది, సుహృల్లేఖ. అంటే స్నేహితుడికి రాసిన ఉత్తరం. ఆ స్నేహితుడు ఒక శాతవాహన రాజని సంప్రదాయం చెబుతుంది. అందులో కారికల్లోని చిక్కుముడులు లేవు. అమ్మానాన్నలను గౌరవించమంటాడు. జూదానికీ మద్యానికీ దూరంగా ఉండమంటాడు. అన్నాన్ని మందులాగా తినమంటాడు. లాభనష్టాలకూ, పొగడ్తకూ తిట్టుకూ సమంగా ఉండటం అలవాటు చేసుకోమంటాడు. దాని సంస్కృత మూలం పూర్తిగా మనకు దక్కలేదు, టిబెటన్, చైనా అనువాదాల్లో బతికింది. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు మొదలుపెట్టిన కొత్తల్లోనే ఈ ఉత్తరాన్ని కంఠస్థం చేస్తారని రాసిపెట్టాడు.

కదలిక అనేదే ఉందా అని వాదించిన మనిషే, అన్నం ఎలా తినాలో కూడా రాశాడు. ఆయనకు ఆ రెండూ వేరువేరు శాఖలు కావు. ఏదీ తనంతట తాను స్థిరంగా నిలబడి లేదని తర్కంతో తేల్చినవాడికి, పొగడ్త వచ్చినప్పుడు ఉబ్బిపోనక్కర్లేదని చెప్పడం ఆ తర్కంలో తరవాతి మెట్టు. మనం మాత్రం కారికను ఎం.ఏ. సిలబస్సులో పెట్టాం, సుహృల్లేఖను మరిచిపోయాం.

రెండో సాక్ష్యం దూరదేశానిది. ఈ మధ్య మన పిల్లలు ఫోన్లలో స్టోయిక్కుల మాటలు తెగ చూస్తున్నారు. మంచిదే. "నీ చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసి చూసుకో" అనేది ఆ బోధలో సారం. ఇది చెప్పిన ఎపిక్టెటస్ పుట్టుకతో బానిస, కాలు కుంటివాడు. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు. అరియన్ అనే శిష్యుడు క్లాసులో రాసుకున్న నోట్సే మనకు దక్కింది. కాబట్టి పిల్లలూ, నోట్సు రాసుకోవడం ఊరికే పోదు. ఆ బానిస మాటలను ఆ తరవాతి తరంలో రోము చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ శ్రద్ధగా చదువుకున్నాడు. దండయాత్రల మధ్య గుడారంలో తనకు తాను బుద్ధి చెప్పుకుంటూ గ్రీకులో రాసుకున్నాడు.

ఫోన్లో కనిపించని భాగం ఒకటుంది. స్టోయిక్కుల చదువులో మూడు పాళ్ళు ఉండేవి: తర్కం, ప్రకృతి, నీతి. వాళ్ళలో పెద్ద పండితుడు క్రిసిప్పస్ ఏడు వందలకు పైగా పుస్తకాలు రాశాడని చెబుతారు. అందులో తర్కం మీద రాసినవే ఎన్నో. అంటే ఇవాళ మనం జీవిత పాఠాలు చెప్పేవాళ్ళుగా చూస్తున్నవాళ్ళు వాళ్ళ కాలంలో మొదటి వరస తార్కికులు. "నా చేతిలో ఏముంది?" అనే ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే ముందు సరిగ్గా ఆలోచించడం రావాలని వాళ్ళకు తెలుసు. తర్కం తీసేసి ఆ వాక్యం ఒక్కటే పట్టుకుంటే, అది మళ్ళీ మన రచ్చబండ మీది "మన చేతుల్లో ఏముంది" దగ్గరికే వచ్చి ఆగుతుంది.

గ్రీకు, రోమను తత్వవేత్తలకు ఫిలాసఫీ అంటే సిద్ధాంతం మాత్రమే కాదు, రోజూ చేయవలసిన సాధన కూడా అని మన కాలంలో గట్టిగా గుర్తుచేసినవాడు పియర్ హాడో అనే ఫ్రెంచి పండితుడు (1922–2010). గమనించండి, ఆయన కూడా ప్రొఫెసరే. పాత గ్రంథాలను వ్యాకరణం దగ్గర్నుంచి పట్టి చూసిన పండితుడు కాబట్టే ఆ సంగతి తేల్చగలిగాడు. బతుకు నుంచి తప్పిపోయిన తత్వాన్ని వెతికి తెచ్చింది మళ్ళీ పాండిత్యమే.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లోది. ఇప్పుడు ఇంట్లోది ఒకటి చెబుతాను.

మా పెద్దక్కయ్య ఐదో తరగతి దాకా చదివింది. నన్ను ఈ బడిలో చేర్పించింది ఆవిడే. మూడేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరింది. అది తగ్గే జబ్బు కాదని ముందే తెలుసు. ఒకరోజు డాక్టరు మమ్మల్ని పిలిచి, ఊపిరి అందకపోయే పరిస్థితి వస్తే వెంటిలేటర్ పెట్టమంటారా, వద్దంటారా, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. పెట్టినా మళ్ళీ తీయగలమని చెప్పలేము అన్నారు.

ఆస్పత్రి మెట్ల దగ్గర కుటుంబమంతా చేరాం. చిన్నవాడు, "వద్దంటే అమ్మను మనమే చంపినట్టు కాదా?" అన్నాడు. కోడలు ఏడుస్తోంది. పెద్దవాడు, "రాసిపెట్టి ఉన్నంత కాలం ఉంటుంది, అన్నీ పెట్టించేద్దాం, పొలం పోతే పోనీ" అన్నాడు. కాసేపటికి అందరూ నా వైపు తిరిగారు. "మావయ్యా, ఇన్నేళ్ళు ఫిలాసఫీ చెప్పావు గదా, నువ్వే తేల్చు" అన్నారు.

విచిత్రం ఏమిటంటే, ఆ ప్రశ్న నా సిలబస్సులో ఉంది. 1975లో జేమ్స్ రేచల్స్ అనే అమెరికన్ తత్వవేత్త ఒక వైద్య పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. చంపడానికీ, చావనివ్వడానికీ మధ్య నీతి పరంగా నిజంగా తేడా ఉందా అని అడిగాడు. ఆస్తి కోసం ఒకడు చిన్న పిల్లవాణ్ణి నీళ్ళలో ముంచి చంపాడు. ఇంకొకడు ముంచడానికే వెళ్ళాడు, కానీ ఆ పిల్లవాడే జారి మునిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవడు మంచివాడు? తేడా చెయ్యి ఆడించడంలో లేదని, అసలు సంగతి ఉద్దేశంలోనూ ఆ మనిషికి ఏది మేలు అనే దాంట్లోనూ ఉందని ఆ వ్యాసం చూపించింది. దానికి జవాబులు వచ్చాయి, జవాబులకు జవాబులు వచ్చాయి. మన దేశంలో కూడా ఈ చర్చ మీద 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గౌరవంగా మరణించే హక్కును, ముందస్తుగా రాసిపెట్టుకునే వీలునామాను 2018లో కోర్టు గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని కొంత సులువు చేసింది. ఇదంతా నేను బోర్డు మీద రాసి చెప్పినదే.

ఆ మెట్ల దగ్గర అది నాకు జవాబు ఇవ్వలేదు. కానీ ఒక పని చేసింది. ఎదురుగా ఉన్న ప్రశ్నను విడదీసి చూసే అలవాటు ఉంది కదా, ఆ అలవాటు పనిచేసింది. చిన్నవాడు అడుగుతున్నది "మనం చంపినట్టా?" అని. పెద్దవాడు చెబుతున్నది "మనం ఏ లోటూ చేయలేదు అనిపించుకోవాలి" అని. రెండింట్లోనూ మనమే ఉన్నాం. అక్కయ్య లేదు. ఆవిడ లోపల మంచం మీద స్పృహలోనే ఉంది. మాట్లాడగలదు. ఆవిడకు ఏది మేలో ఆవిడనే ఎవరూ అడగలేదు.

"ముందు అక్కయ్యను అడుగుదాం" అన్నాను. ఆ మాట అనడానికి ఎం.ఏ. అక్కర్లేదు, నిజమే. కానీ భయం, దుఃఖం, బంధువుల లెక్కలు అన్నీ కలిసి ఉన్న చోట, ప్రశ్న తప్పుడు మనుషుల దగ్గర ఆగిపోయిందని గుర్తుపట్టడానికి నాకు ఆ చదువే అక్కరకొచ్చింది.

లోపలికి వెళ్ళి అడిగాను. అక్కయ్య ఏమీ తడబడలేదు. "ఒరేయ్ తమ్ముడూ, గొట్టాలొద్దురా. ఇంటికి తీసుకుపోండి. ఆ వేపచెట్టు కనపడే గదిలో వేయండి" అంది. డాక్టరుగారితో మాట్లాడాం. ఆయాసానికి, నొప్పికి ఇంటి దగ్గర ఏమేం ఇవ్వాలో నేర్పించి పంపారు. పంతొమ్మిది రోజులు ఉంది.

ఆ పంతొమ్మిది రాత్రుల్లో రేచల్స్ నాకు గుర్తుకు రాలేదు. అప్పుడు కావలసింది వాదం కాదు, పక్కన కూర్చోగలగడం. రాత్రి రెండింటికి ఆయాసం ఎక్కువైతే చెయ్యి పట్టుకుని, మనం భయపడకుండా ఉండగలగడం. ఈ విషయంలో ఆ ఇంట్లో అందరికంటే అనుభవజ్ఞురాలు అక్కయ్యే. నలభై ఏళ్ళుగా భజన మందిరంలో తత్వాలు పాడింది. ఊపిరి అందినప్పుడు పెదవులతో ఏదో ఒకటి అనుకునేది. దేహం అద్దె ఇల్లు అనే మాట నాకు పరీక్ష పేపర్లో ప్రశ్న. ఆవిడకు పొద్దున కల్లాపి చల్లేటప్పుడు, సాయంత్రం బియ్యం ఏరేటప్పుడు వేలసార్లు అనుకున్న మాట. కష్టం వచ్చిన రోజున కొత్తగా నేర్చుకున్నది కాదు కాబట్టి అది అప్పుడు పనిచేసింది.

అయితే ఒక సంగతి మరవకూడదు. పెద్దవాడు కూడా అదే భజన మందిరంలో పెరిగాడు. "రాసిపెట్టి ఉంటుంది" అన్నదీ అక్కడి మాటే. ఒకే బావి నీళ్ళు. తల్లికి ధైర్యమైన మాట కొడుక్కి ఆలోచన తప్పించుకునే దారి అయింది. ఏది ధైర్యం, ఏది తప్పించుకోవడం అని వేరు చేయడానికి మళ్ళీ శాస్త్రం కావాలి. శాస్త్రం వేరు చేసి చూపిస్తుంది. దాని పక్కన నిలబడే సత్తువ మాత్రం రోజువారీ సాధన వల్లే వస్తుంది. ఎవరికి ఏది తక్కువో వాళ్ళు అది నేర్చుకోవాలి. నాకు ఆ పంతొమ్మిది రోజుల్లో గురువు అక్కయ్య.

మిత్రులారా, ఇది మన బడి సభ కాబట్టి చివరగా బడికి సంబంధించిన మాట.

మన న్యాయశాస్త్రంలో వాదనను మూడు రకాలుగా చెప్పారు. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికి చేసేది వితండం. మూడో మాట మనకు బాగా తెలుసు, వితండవాదం అని రోజూ తిట్టుకుంటాం. మొదటి రెండింటి తేడా మరిచిపోయాం. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎన్నికల ముందు ఏం జరిగిందో గుర్తు చేయనక్కర్లేదు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు.

మన శాస్త్రకారులకు ఒక పద్ధతి ఉంది, పూర్వపక్షం. నీ సిద్ధాంతం చెప్పే ముందు ఎదుటివాడి పక్షాన్ని చెప్పాలి. దిష్టిబొమ్మలా కాదు, బలంగా చెప్పాలి. ఎదుటివాడు విని "అవును, నేను అన్నది ఇదే" అనేలా చెప్పాలి. ఆ తరవాతే ఖండన. ఇది కాలేజీ తర్కమూ అవుతుంది, మనిషి తత్వమూ అవుతుంది. రోజూ పూర్వపక్షం చెప్పడం అలవాటైనవాడికి అహంకారం తెలియకుండానే కరుగుతుంది. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలో, భార్యాభర్తల మధ్య, తండ్రీ కొడుకుల మధ్య ఇది పనిచేస్తుంది.

ఫ్రాన్సులో హైస్కూలు చివరి ఏడాదిలో ఫిలాసఫీ చదవాలి, పిల్లలు నాలుగు గంటల వ్యాస పరీక్ష రాస్తారు. మనకు అంత అక్కర్లేదు, ఇప్పటికే పిల్లల మీద పరీక్షలు చాలా ఉన్నాయి. నా కోరిక చిన్నది. మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇస్తోంది, మంచినీళ్ళ ప్లాంటు పెట్టింది. దానితోపాటు నెలకు ఒక్క గంట, తొమ్మిదో తరగతి పిల్లలకు పూర్వపక్షం పీరియడ్ అని పెట్టించండి. మార్కులు వద్దు, నీతిబోధ వద్దు, బహుమతులు వద్దు. ఒక ప్రశ్న ఇస్తాం. కాపీ కొట్టిన స్నేహితుడి పేరు టీచరుకు చెప్పాలా? ఇంట్లో డబ్బు తక్కువైతే అన్నను చదివించాలా, చెల్లెల్నా? ప్రతివాడూ ముందు తనకు నచ్చని పక్షాన్ని బలంగా చెప్పాలి. ఆ తరవాత తన మాట చెప్పాలి. అంతే నియమం.

ప్రధానోపాధ్యాయులుగారు ఒప్పుకుంటే మొదటి ఏడాది ఆ పీరియడ్ నేనే తీసుకుంటాను. జీతం అక్కర్లేదు, బస్సు చార్జీలు నేనే పెట్టుకుంటాను. సిలబస్ చిన్నదే. ఈసారి ఆ మాట నేనే చెబుతున్నాను.